రెండోది దిగేదాకా

పాత పోస్టాఫీసు వెనక మా షెడ్డు గోడ మీద
బొగ్గుతో గీసిన రెండు వరసల గీతలు.
ఒకటి నా కొడుకు నజీరుది,
ఇంకోటి మా పిల్లగుర్రం సుర్మాది.
పోయిన వానాకాలం ఇద్దరూ ఒక్కచోట కలిశారు,
సుర్మా వీపూ, నజీరు గడ్డమూ.

ఈ నవంబరుకి వాడికి పదహారు నెలలు నిండాయి.
సబ్‌మెరైన్ ముందు, ఆదివారం సందట్లో,
రాయగడ నుంచి వచ్చిన చిన్నపిల్ల
మా ముసలి చాందినీ ఎక్కి ఫొటో దిగుతుంటే
వీడు వెనకగా వచ్చి
పై పెదవి పైకెత్తి గాలి వాసన పట్టాడు.
ఆ తర్వాత ఏమయిందో నేను చూళ్ళేదు.
పిల్ల ఏడుపు, తాడు తెగిన చప్పుడు,
మురీ మిక్చర్ బండి బోర్లా.
ఇసకలో ఉల్లిపాయలు ఏరిచ్చి
మూడు వందలు కట్టి వచ్చాను.

"ఆఖ్తా చేయించాలి" అన్నాను ఇంట్లో.
మగవాళ్ళంతా చాయ్ గ్లాసుల్లోకి చూశారు.
మా మరిది గొంతు సవరించుకున్నాడు.
"ఇంకో ఏడాది ఆగు భాబీ, మెడ నిండనీ.
విల్లులా వంగిన మెడ ఉంటేనే
బరాత్‌కి పిలుస్తారు."
ఆయనే ఉంటే ఈ మాటలు ఆయన మాట్లాడేవాడు.
లేడు కనక బీజాల సంగతి
నా నోటితోనే రావాలి.

పశువుల ఆస్పత్రిలో డాక్టరు హైమవతి
మందుచీటీ వెనక ఒక ఎముక గీసింది.
"చివర ఈ మెత్తని గీత చూడు, ఎదిగేది ఇక్కడే.
మగతనం పొంగితే ఇది తొందరగా మూసుకుంటుంది.
ముందే తీస్తే ఇంకొన్నాళ్ళు తెరిచి ఉంటుంది,
కాళ్ళు ఓ వేలెడు సాగొచ్చు.
మెడ మటుకు సన్నగానే ఉండిపోతుంది.
ఆలస్యం చేస్తావా, మెడ వస్తుంది,
దాంతో పాటే పొగరూ వస్తుంది.
అలవాటయ్యాక కోసినా పోదమ్మా అది."
ఎందుకో మా మరిది గుర్తొచ్చాడు.
కొంగు అడ్డం పెట్టుకున్నాను.

డిసెంబరు. ఈగలు లేని చలి పొద్దు.
గడ్డి పరిచాం, తాళ్ళు తెచ్చాం,
ధనుర్వాతం సూది వేయించాం.
మత్తెక్కి వాల్చిన తలని నజీరు భుజాన మోశాడు.
డాక్టరు వెనక కాళ్ళ మధ్య తడిమింది,
మళ్ళీ తడిమింది,
లేచి చేతులు కడుక్కుంది.
"ఒకటే దిగింది. రెండోది
గజ్జల్లో పైనెక్కడో ఉండిపోయింది.
సగం పని చెయ్యకూడదు. ఆగుదాం."

తాళ్ళు చుట్టి పెట్టాం. ఆగాం.
నేను గోడ మీద క్యాలెండరు చూస్తున్నాను,
వాడి ఒంట్లో ఇంకేదో క్యాలెండరు.
రాత్రిళ్ళు చెక్క తలుపుని తన్నేవాడు.
హార్బర్‌లో ఓడ కూత వేస్తే
బదులు సకిలించేవాడు.

ఆ నెలల్లోనే నజీరు గొంతు చీలింది.
సగం మాట చిన్నప్పటిలా,
సగం మాట అచ్చం వాళ్ళ నాన్నలా.
సిగ్గుపడి సైగలతో సరిపెట్టేవాడు.
ఒకరోజు దాణా కలుపుతూ గుసగుసగా అడిగాడు,
"అమ్మీ, ఏం పోయిందో వాడికి తెలుస్తుందా?"
నాకు తెలీదన్నాను.
బొగ్గు ముక్క ఇచ్చి, గీత గీయమన్నాను.

ఎండలు ముదరకముందే, ఫిబ్రవరి చివర,
రెండోదీ చేతికి తగిలింది.
పని పావుగంట.
బక్కెట్టులో ఏముందో నేను చూశాను,
నజీరుని చూడనివ్వలేదు.

వాపు దిగాలంటే నడిపిస్తూ ఉండాలట.
పొద్దునా సాయంత్రం కోస్టల్ బ్యాటరీ దగ్గర
గట్టిపడ్డ తడి ఇసక మీద మెల్లగా నడిపించాను.
వెనక కాళ్ళు ఎడంగా వేస్తూ,
ప్రతి అలకీ ఆగుతూ నడిచాడు.
ఆరో రోజు నజీరు చాలా ముందుకు పోయి
అక్కణ్ణించి పిలిచాడు, "సుర్మా!"
గొంతు మారాక
అంత గట్టిగా పిలవడం అదే మొదలు.

రెండు చెవులూ నిక్కాయి.
ఆ పిలిచేది ఎవరో పోల్చుకోలేక
వాడు నావైపు తిరిగి చూశాడు.